బీడీల కూలి హలాలా?

రమజాన్ సమీపించగానే జకాత్ లెక్కలతో పాటు మా వద్దకు తప్పక వచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది: "మౌల్వీసాబ్, బీడీలు చేసి సంపాదించిన పైసలు హలాలేనా?" అడిగేది సాధారణంగా నడివయసు దాటిన సోదరి. ఆమె స్వయంగా రాదు. కొడుకు ద్వారానో, మదరసాలో చదివే మనుమరాలి ద్వారానో అడిగిస్తుంది. ఆ పైసలతో ఇఫ్తార్ పెట్టవచ్చునా, కూతురి నికాహ్‌కు కూడబెట్టవచ్చునా అన్నది ఆమె ఆందోళన. ఆ బీడీలను కాల్చేవారు తమ గురించి ఇదే ప్రశ్న అడగడం మాత్రం బహు అరుదు. వాటిని అమ్మే దుకాణదారులు ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఈ నెల ఆ సోదరి ప్రశ్ననే తీసుకుంటున్నాము. అయితే దానికి ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదని మా అభిప్రాయం.

చెన్నూరు ప్రాంతపు పాఠకులకు తునికాకు గురించి మేము చెప్పనవసరం లేదు. ఏప్రిల్, మే నెలలలో కోటపల్లి, వేమనపల్లి వైపు అడవులలోకి తెల్లవారక ముందే పోయి ఆకు కోసుకువచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లానికి చేర్చే కుటుంబాలు మన చుట్టూ ఉన్నవి. 1971 నాటి చట్టంతో ఈ ఆకు వ్యాపారం ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. కల్లాలలో ఎండిన ఆకు సంచులకెక్కి బీడీ కార్ఖానాల ఊళ్లకు చేరుతుంది. గోదావరి వెంట ఎగువకు పోతే నిర్మల్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆవల నిజామాబాద్ వరకు బీడీల చాట లేని వాడ దొరకడం కష్టం. మన ముస్లిం మహల్లాలలో ఈ పని మరింత పాతుకుపోవడానికి కారణం స్పష్టమే. గడప దాటకుండా, పర్దాకు భంగం లేకుండా, వంటా పిల్లలను చూసుకుంటూ చేయగల పని మరొకటి అందుబాటులో లేకపోయింది. ఆకును నానబెట్టి, అచ్చు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కొనలు మడిచి వెయ్యి బీడీలు లెక్క అప్పగిస్తే ఆ రోజు కూలి. బీడీ బాగా రాలేదని కార్ఖానా వారు తిప్పిన వాటికి కూలి లేదు. తంబాకు దుమ్ము పీల్చుకున్న దగ్గు, వంగిన నడుము, మసకబారిన చూపు ఏ లెక్కలోకీ రావు. చాట ఉన్న గదిలోనే పసిపిల్లలు పడుకుంటారు.

ఇక ధర్మశాస్త్రం మాటకు వద్దాము. పొగాకు దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో అరబ్బు దేశాలలో లేదు. అమెరికా ఖండం నుండి ఐరోపావారి ఓడలలో వచ్చిన వస్తువు ఇది. అక్బర్ దర్బారుకు అది చేరింది మన దక్కను నుండే; బీజాపూరు వెళ్లిన అసద్ బేగ్ 17వ శతాబ్ది ఆరంభంలో దానిని కానుకగా తెచ్చాడు. 1617లో జహంగీర్ నిషేధించాడు. 1633లో ఉస్మానియా సుల్తాను నాలుగవ మురాద్ పొగ తాగేవారికి మరణశిక్ష సైతం విధించాడు. అయినా పొగ ఆగలేదు. ఆనాటి ఉలమాలలో భేదాభిప్రాయం ఉండేది. డమాస్కస్ నగరపు అబ్దుల్ గనీ నాబులుసీ వంటి పెద్దలు అనుమతికి అనుకూలంగా గ్రంథమే రాశారు. వారి కాలంలో ఊపిరితిత్తుల క్యాన్సరుకూ పొగాకుకూ గల సంబంధం ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసింది. తనను తాను నాశనం చేసుకోరాదన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశాన్నీ, హాని చేయరాదు, హానికి గురికారాదు అన్న హదీసు సూత్రాన్నీ ముందుంచుకొని నేటి ఉలమాలలో అనేకులు ధూమపానాన్ని హరామ్ అన్నారు. మక్‌రూహ్ అన్నవారు కూడా మంచిదని అనలేదు.

కాల్చడం గురించి తీర్పు ఇంత స్పష్టపడినప్పుడు, చుట్టడం మంచి పని అని మేము చెప్పలేము. అయితే గత్యంతరం లేక కూలికి చుట్టే స్త్రీనీ, లాభానికి అమ్మే వ్యాపారినీ, సరదాకు కాల్చే పురుషునినీ ఒకే త్రాసులో తూచరాదు. ఆమెకు మేము చెప్పేది ఇంతే: మరో దారి దొరికే వరకు మీ కష్టార్జితం మీద మీ పిల్లల ముందు తలవంచుకోకండి, దారి దొరికిన రోజు మాత్రం ఆలస్యం చేయకండి. ఆ దారి చూపించవలసిన బాధ్యత ఆమె ఒక్కతెది కాదు.

బీడీ చిన్నది కదా, హాని కూడా చిన్నదే అనుకునేవారు మన ఇళ్లలో ఎందరో. బీడీలో పొగాకు సిగరెట్టులో ఉన్నదానిలో సగం కూడా ఉండదు, నిజమే. కాని తునికాకులోంచి గాలి ఆడదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. అందువల్ల ఆ చిన్న బీడీ నుండే సిగరెట్టుతో సమానంగానో, అంతకు మించో నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడు లోపలికి పోతాయి. నోటి క్యాన్సరు, గుండెపోటు, ఆయాసం, క్షయ వీటిలో దేనికీ బీడీ మినహాయింపు ఇవ్వదు. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో వయోజనులలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్టు కాల్చేవారు 4 శాతం, బీడీ కాల్చేవారు 7.7 శాతం. బీడీ కాల్చేవారిలో అధికులు పేదలు, చదువు తక్కువైన వారు. అంటే జబ్బు వచ్చినప్పుడు కరీంనగర్‌కో, హైదరాబాద్‌కో తీసుకుపోయే స్తోమత లేని ఇళ్లలోనే ఈ పొగ ఎక్కువ.

అటువంటప్పుడు పన్ను ఎట్లా ఉండాలి? 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్టుపై 28 శాతం పన్ను, దానిపై సెస్సు వేశారు. బీడీపై 28 శాతమే, సెస్సు లేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్లు, గుట్కా, జర్దాలను 40 శాతం శ్రేణిలో చేర్చి, బీడీని 18 శాతానికి దించాలని నిర్ణయించింది. తునికాకుపై పన్ను కూడా 18 నుండి 5 శాతానికి తగ్గింది. ఆకు కోసేవారికి, బీడీలు చేసే స్త్రీలకు ఉపాధి పోకూడదన్నది చెప్పే కారణం.

ఇక్కడ మాకొక సందేహం. బీడీ కార్మికుల సంక్షేమం కోసం 1976లో ప్రత్యేక చట్టాలు చేసి, తయారైన బీడీలపై కొద్దిపాటి సెస్సు వసూలు చేసేవారు. వైద్యశాలలు, పిల్లల ఉపకారవేతనాలు, ఇళ్ల సహాయం ఆ సొమ్ముతో నడిచేవి. జీఎస్టీ రాకతో 2017లో ఆ సెస్సు రద్దయింది. ఆమె కోసం విడిగా ఉంచిన నిధికి మూలం పోయింది. ఆమె పేరు చెప్పి పన్ను మాత్రం తగ్గింది. తగ్గిన పన్ను వెయ్యి బీడీల కూలిలో కలుస్తుందన్న హామీ ఎక్కడా లేదు. బీడీ చవకగా ఉండటం వల్ల కాల్చే కూలివానికి జబ్బు మిగులుతుంది, చుట్టే స్త్రీకి అదే చాట మిగులుతుంది. ఇద్దరూ ఒకే వాడవారు, కొన్నిసార్లు ఒకే ఇంటివారు. బీడీపై పన్ను పెరగాలి, పెరిగిన సొమ్ములో ఆమె వాటా చట్టంలోనే రాసి ఉండాలి అని మేము కోరుతున్నాము. కుట్టుపని, ఆమె ఇంటివద్దే చేయగల మరో పని, ఆమె పిల్లల చదువు, ఆమె వైద్యం వీటికి ఆ సొమ్ము నేరుగా చేరాలి. ఈ రెండింటిలో ఒకటి చేసి రెండవది విడిచిపెడితే అన్యాయమే అవుతుంది.

మాల్దీవులలో 2025 నవంబరు 1 నుండి ఒక కొత్త చట్టం అమలైంది. 2007 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి జీవితాంతం పొగాకు అమ్మరాదు. ఈ-సిగరెట్లను ఆ దేశం అంతకు ముందే నిషేధించింది. ముస్లిం దేశమొకటి ఇంత దూరం వెళ్లడం మాకు సంతోషం. కాని అక్కడ తునికాకు అడవి లేదు, బీడీల చాట లేదు. పొగాకు అంతా బయటి నుండి వచ్చేదే. మన చట్టం వారి చట్టం కన్నా కష్టమైన పని చేయవలసి ఉంటుంది.

ఈ-సిగరెట్లు మన దేశంలోనూ 2019 నుండి నిషిద్ధం. తయారీ, అమ్మకం, దిగుమతి చేసినవారికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జుర్మానా. చెన్నూరులో దాని పేరు ఎరిగినవారు తక్కువే గాని, హైదరాబాదు హాస్టళ్లలో చదివే పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవాలి. అది పెన్ను వలె, పెన్‌డ్రైవు వలె ఉంటుంది. పండ్ల వాసన వస్తుంది. బట్టలకు పొగ కంపు అంటదు. అందులో సాధారణంగా ఉండేది నికోటినే. హుక్కా పార్లర్లను కూడా మన రాష్ట్ర శాసనసభ 2024 ఫిబ్రవరిలో నిషేధించింది. ధనికుల పిల్లల వ్యసనానికి ఇంత త్వరగా తలుపులు మూసిన ప్రభుత్వాలు కూలివాని బీడీ దగ్గర ఎందుకు తడబడతాయో పాఠకులే ఆలోచించాలి.

మనం చేయగలిగినది లేదా? ఉన్నది, అది ఇంటి గడప వద్దనే మొదలవుతుంది. "పోయి బీడీ కట్ట తీసుకురా" అని కొడుకును దుకాణానికి పంపే తండ్రులు మన మహల్లాలలో ఇప్పటికీ ఉన్నారు. 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మడం నేరం. విద్యాసంస్థకు వంద గజాల లోపు అమ్మడమూ నేరమే. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇంకా కఠినం. పిల్లల చేతికి పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం విధించవచ్చు. దుకాణదారుని సంగతి తరువాత. పది రూపాయల నోటు ఇచ్చి పంపినది ఎవరు? మానాలనుకునేవారికి ప్యాకెట్టుపైనే ముద్రించిన 1800-11-2356 నంబరు ఉన్నది. ఉచితంగా సలహా ఇస్తారు. సహరీ నుండి ఇఫ్తార్ వరకు పదమూడు గంటలకు పైగా బీడీ ముట్టకుండా ఉండగలిగిన మనిషి నాకు సాధ్యం కాదనడం మాకు నమ్మశక్యం కాదు. మందమర్రి, శ్రీరాంపూర్ గనులలో దిగే కార్మికులు బీడీ, అగ్గిపెట్టె పైననే విడిచి దిగుతారు. గని నియమం అటువంటిది. కొందరు దానికి బదులు అంబర్, ఖైనీ దవడన పెట్టుకుంటున్నారు, అది మరో నోటి క్యాన్సరు దారి.

బీడీలు చేసే సోదరీమణులకు ఒక మాట. ఇంటివద్ద చుట్టేవారికి కూడా భవిష్యనిధి హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 1985లోనే తీర్పు ఇచ్చింది. తెలంగాణలో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి 2015లో మొదలై, 2019లో 2,016 రూపాయలైంది. దానికి 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ సభ్యత్వం ఉండాలన్న షరతు వల్ల ఏళ్ల తరబడి చుట్టినవారెందరో మిగిలిపోయారు. వదిన కార్డు మీద మరదలు, అత్త పుస్తకం మీద కోడలు చుట్టడం మన దగ్గర మామూలు. అట్లా చుట్టినవారికి రేపు ఏ హక్కూ రాదు. మీ పేరున పీఎఫ్ నంబరు అడిగి తీసుకోండి.

చివరగా మస్జిదు కమిటీల పెద్దలకు. మన పట్టణాలలో అనేక మస్జిదులకు మల్గీలు ఉన్నవి, వాటి కిరాయితోనే కరెంటు బిల్లు, ఇమామ్ సాబ్ జీతం గడుస్తున్నవి. ఆ మల్గీలలో పాన్‌డబ్బా ఉన్నచోట అమ్ముడయ్యేది ఏమిటో అందరికీ తెలుసు. బీడీలు చుట్టే వితంతువు తన కూలి హలాలా అని భయపడి అడిగిస్తున్నది. ఆ బీడీలు అమ్మే మల్గీ కిరాయి గురించి ఏ ముతవల్లీ మమ్మల్ని ఇంతవరకు అడగలేదు. ఉన్న కిరాయిదారుని రేపే వెళ్లగొట్టమని మేము అనడం లేదు, అతనికీ పిల్లలున్నారు. ఒప్పందం మళ్లీ రాసుకునేటప్పుడు పొగాకు, గుట్కా అమ్మరాదన్న ఒక వాక్యం చేర్చండి. కిరాయి కొంత తగ్గితే ఆ తేడా ఎంతో జుమా నాడు జమాఅత్ ముందు చెప్పండి.