కెటిల్‌లో కాచినా పోనిది

గుంటూరు మిర్చి యార్డు దగ్గర టీ బంకులో టీ కాచడం చూడండి. పాలు, టీపొడి, పంచదార కలిపి రెండు మూడు పొంగులు రానిచ్చి వడగడతారు. ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఆ పని కుదరదు. పాలు పొంగిపోతాయి, అడుగంటుతాయి. బ్రిటన్‌లో టీ అంటే కప్పులో వేసిన టీ మీద మరిగిన నీళ్లు పోయడమే. కరెంటు 230 వోల్టులు కాబట్టి 3000 వాట్ల కెటిల్ రెండు మూడు నిమిషాల్లో లీటరు నీళ్లు మరిగిస్తుంది. అందుకే అక్కడ అది ఇంటింటి వస్తువు. 120 వోల్టుల అమెరికాలో మామూలు కెటిల్ 1500 వాట్లకు మించదు. జనానికి కాఫీ అలవాటూ ఎక్కువే. అక్కడ దానికి అంత ఆదరణ లేదు. మనకు వోల్టేజీ బ్రిటన్‌తో సమానమే గానీ, టీ వేరు.

అయినా కాచిన నీళ్ల కోసం మన ఇళ్లలోనూ కెటిల్ కొంటున్నారు. మంచిదే. 2018 మార్చిలో గుంటూరు నగరంలో కలుషిత నీటితో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. నీళ్లు కళపెళ మరిగితే అలాంటి క్రిములు చస్తాయి. లీటరుకు అయ్యే కరెంటు యూనిట్‌లో పదో వంతే.

అయితే ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లలో ఈ ధీమా పనికిరాదు. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్య పత్రికలో రాశారు. ఫ్లోరైడ్ క్రిమి కాదు, నీటిలో కరిగి ఉండే లవణం. ఎంత మరిగించినా పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. పత్తి, మిర్చి చేలకు వేసిన ఎరువుల నుంచి బోర్లలోకి దిగే నైట్రేటూ అంతే. కాచిన బోరు నీళ్లే కదా అని పిల్లలకు నిశ్చింతగా పట్టే తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? పళ్లకు గార పట్టి, ఎముకలు వంగాక మందులతో సరిచేయలేం.

కాబట్టి కెటిల్ కొనే ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ల్యాబులున్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీళ్లు తాగడానికీ వంటకూ వాడకండి. శుద్ధి చేసిన సాగర్ నీళ్లో, ఆర్‌వో నీళ్లో తెచ్చుకోండి. ప్రతి పంచాయతీ ఈ ఫలితాన్ని ఓవర్‌హెడ్ ట్యాంకు మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. తాము తాగే నీళ్లలో ఏముందో తెలుసుకునే హక్కు ఊరివాళ్లకు ఉంది.