గుమ్మం దగ్గరే అడగాలి

కిందటి కోతలప్పుడు నాన్నగారి కోసం జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న లెక్కల ప్రోగ్రాం రాశాను. పెద్ద చేనులో 62 బస్తాలు, చిన్న చేనులో 35. రెండూ కూడితే తెర మీద 6235 అని వచ్చింది! "ఊరందరి ధాన్యం మన కళ్ళంలోనే పోశావట్రా?" అని నాన్న నవ్వారు.

బ్రౌజరు గడిలో మనం టైపు చేసిన అంకె ప్రోగ్రాంకు అంకెగా అందదు. అక్షరాల వరుసగా, అనగా స్ట్రింగుగా అందుతుంది. రెండు స్ట్రింగుల నడుమ ప్లస్ గుర్తు పెడితే ఈ భాష కూడదు, పక్కపక్కన అతికిస్తుంది.

నవ్వు తెప్పించే తప్పు నయం, వెంటనే దొరికిపోతుంది. భయపడవలసింది రెండోదానికి. కూలీల పట్టీలో ఒకామె పని రోజుల గడి నింపడం మరిచాను. ఖాళీ స్ట్రింగును 400తో గుణిస్తే జావాస్క్రిప్ట్ తప్పని చెప్పదు, సున్నా ఇస్తుంది. మూడు రోజులు ఎండలో నడుం వంచిన మనిషికి కూలి సున్నా! చదువురాని ఆమె ఆ కాగితాన్ని ఏమని నిలదీస్తుంది? అమ్మకు గుర్తుంది కనుక 1200 రూపాయలు ఆమె చేతికి అందాయి.

తప్పు భాషదేనా? 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపం ఇచ్చిన భాష ఇది. ఏది ఇచ్చినా ఎలాగోలా సర్దుకుపోవడం దాని స్వభావం. ఆ సంగతి తెలిసీ అడగకపోవడం నా తప్పు. ఫంక్షన్ మొదటి వరుసలోనే "వచ్చింది నంబరేనా?" అని టైపాఫ్‌తో చూసి, కాకుంటే టైప్‌ఎర్రర్ విసిరి ఆగిపోతే రెండు తప్పులూ గుమ్మం దాటేవి కావు. అయితే, పేరులోనే నంబరు కాదని చెప్పుకునే 'నాట్ ఎ నంబర్' విలువను కూడా టైపాఫ్ నంబరనే అంటుంది! అందుచేత నంబర్.ఈజ్‌ఫైనైట్‌తో అడగడం మేలు.

"టైప్‌స్క్రిప్ట్ ఉండగా ఈ గొడవ ఎందుకోయ్?" అంటారు కొందరు మిత్రులు. 2012లో వచ్చిన ఆ భాష రాసేటప్పుడు హెచ్చరించే మాట నిజమే. కాని అది జావాస్క్రిప్ట్‌గా మారేటప్పుడు ఆ టైపులన్నీ చెరిగిపోతాయి. నడిచే ప్రోగ్రాంలోకి బయటినుంచి వచ్చే విలువను అవి చూడలేవు. ప్రతి ఫంక్షన్‌కీ కాపలా పెట్టమనను; బయటి సరుకు లోపలికి వచ్చే చోట పెట్టమంటాను. ధాన్యం కొనేచోట తేమ చూసేది మిల్లులో పోశాక కాదు గదా!

రేపు మనలో ఎందరో జీతాలు, పింఛన్లు, స్కాలర్‌షిప్పులు లెక్కగట్టే ప్రోగ్రాములు రాస్తారు. ఆగిపోయిన ప్రోగ్రాంను ఎవరో ఒకరు బాగుచేస్తారు. చప్పుడు చేయకుండా సున్నా వేసే ప్రోగ్రాం వలన మాత్రం నోరులేనివాళ్ళే నష్టపోతారు.