శాలువా కప్పేముందు ప్రశ్న అడగండి!

డాలస్, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ తెలుగు ఓటర్లకు విజ్ఞప్తి



ఎన్నికలు దగ్గరపడితే అభ్యర్థులు మన గుళ్ళకు వస్తారు, బతుకమ్మ చుట్టూ రెండడుగులు వేస్తారు, దీపావళి వేదికెక్కి నమస్కారం పెడతారు. జాతి వివక్షను సహించేది లేదంటారు. మనం శాలువా కప్పి, ఫొటో దిగి, మంచి మనిషనుకుంటూ ఇంటికొస్తాం. మంచి మనిషే కావచ్చు. గెలిచాక ఏం చేస్తాడో మాత్రం మనం అడగలేదు.

మంచితనం ఒక్కటే చాలదని చెప్పే సంగతి ఇది. 2015 జులై 10న హ్యూస్టన్‌కు దగ్గర్లోని వాలర్ కౌంటీలో సాండ్రా బ్లాండ్ అనే 28 ఏళ్ళ నల్లజాతి మహిళ కారును పోలీసు ఆపాడు. లేన్ మారేటప్పుడు సిగ్నల్ వెయ్యలేదట! సిగరెట్ ఆర్పమన్నాడు. నా కారులో నేనెందుకు ఆర్పాలని ఆమె అడిగింది. మాటామాటా పెరిగింది. టేజర్ చూపించి కిందికి దింపి అరెస్టు చేశాడు. మూడు రోజులకు ఆమె జైలు గదిలో శవమై కనిపించింది. ఆత్మహత్య అని తేల్చారు.

2017లో ఆమె పేరుతో టెక్సాస్‌లో చట్టం వచ్చింది. చట్టసభలో ఒక్కరూ కాదనలేదు. పోలీసులకు శిక్షణ, జైళ్ళలో మానసిక ఆరోగ్యంపై శ్రద్ధ, ఏ జాతివాళ్ళను ఎందుకు ఆపుతున్నారో లెక్కలు... అన్నీ మంచివే. కానీ జరిమానాతో పోయే తప్పుకు మనిషిని అరెస్టు చెయ్యకుండా కట్టడి చేసే నిబంధన మొదటి ముసాయిదాలో ఉండేది. చట్టమయ్యేనాటికి దాన్ని తీసేశారు. 2019లో మళ్ళీ తెచ్చారు, వీగిపోయింది. అంటే జరిమానా తప్పుకు కూడా అరెస్టు చేసే అధికారం ఇవాళ్టికీ అలాగే ఉంది. 2017లో ఆ చట్టానికి ఓటేసిన వాళ్ళందరి ఉద్దేశమూ మంచిదే అయ్యుండొచ్చు, మేం కాదనం. ఆ ఉద్దేశం ఎవరి అరెస్టునూ ఆపలేదు.

ఉద్దేశం వేరు, చేత వేరు అనడానికి మన టెక్సాస్ వాడే లిండన్ జాన్సన్ సంగతి చూడండి. 1937లో కాంగ్రెస్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి 1957 దాకా పౌరహక్కుల బిల్లులను వ్యతిరేకిస్తూనే వచ్చాడు. నల్లవాళ్ళ గురించి నాలుగు గోడల మధ్య అతను వాడిన మాటలు ఇక్కడ అచ్చు వెయ్యలేం. అధ్యక్షుడయ్యాక 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం మీద సంతకం పెట్టిందీ అతనే. 1965 అక్టోబరు 3న కొత్త వలస చట్టం మీద కూడా. అంతకుముందు భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటా! పౌరహక్కుల పోరాటం తెచ్చిన మార్పులోనే అదీ పోయింది. మనం ఈ గడ్డమీద ఇళ్ళు కట్టుకున్నామంటే, వీధుల్లో లాఠీదెబ్బలు తిని నల్లజాతి జనం సాధించినదాంట్లో మనకూ వాటా దక్కింది కాబట్టే.

మరి ఉద్దేశానికి విలువే లేదా? ఉంది. ఎవరి మీద కేసు పెట్టాలి, ఎవరిని వదలాలి అని డిస్ట్రిక్ట్ అటార్నీ నిర్ణయించేటప్పుడు చట్టం కన్నా మనిషి బుద్ధే ముందుకొస్తుంది. ఆ బుద్ధి ఉపన్యాసంలో దొరకదు. ఓట్లు పోతాయని తెలిసీ ఎప్పుడు దేనికి నిలబడ్డాడో చూస్తేనే తెలుస్తుంది.

ఇది మన గొడవ కాదనేవారికి ఒక మాట. 2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆంధ్ర విద్యార్థినిని పోలీసు కారు ఢీకొని చంపింది. గంటకు 25 మైళ్ళ వేగపరిమితి ఉన్న రోడ్డు మీద ఆ కారు వేగం 74 మైళ్ళు. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదని మరో పోలీసు నవ్వుతూ అన్న మాట అతని కెమెరాలోనే రికార్డయింది. నడిపినవాడిపై నేరాభియోగం మోపేది లేదని 2024లో కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయం చెప్పింది. ఆ ప్రాసిక్యూటర్ పదవి జనం ఓట్లతో వచ్చేదే.

అందుకని, శాసనసభ అభ్యర్థి ఎదురైతే సాండ్రా బ్లాండ్ చట్టం నుంచి తీసేసిన ఆ నిబంధనకు ఓటేస్తారా లేదా అని నిలదీయండి. షెరీఫ్ అభ్యర్థిని, జరిమానా తప్పులకు అరెస్టులు వద్దని డెప్యూటీలకు రాతపూర్వకంగా ఆదేశమిస్తారా అని అడగండి. ట్రాఫిక్ స్టాపులపై ఏటా వచ్చే జాతివారీ నివేదిక చదివారేమో కనుక్కోండి. నీళ్ళు నమిలితే అదే జవాబని రాసుకోండి. పార్టీ ఏదైనా సరే.

పౌరసత్వం వచ్చీ ఓటరుగా పేరు నమోదు చేసుకోనివారు ఇంకా ఉన్నారు. టెక్సాస్‌లో పోలింగుకు 30 రోజుల ముందే ఆ పని అయిపోవాలి. ఫారం నింపి, సంతకం పెట్టి, ఈ వారమే కౌంటీ ఓటరు నమోదు కార్యాలయానికి పంపండి!

ఇట్లు
డాలస్ ప్రాంత తెలుగు ఓటర్లు కొందరు