కాగితం యంత్రాల్లో కొలువు

"మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. కాగితం యంత్రాలు చేసే కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చేలా ఉంది. అంతా ఫోన్లోనే చదివే రోజుల్లో ఆ రంగాన్ని నమ్ముకోవచ్చా?" అని అరోరా బాలాజీ గుడి దగ్గర ఒక వదినగారు నన్ను అడిగారు. ఈ సందేహం ఆవిడ ఒక్కరిదే కాదు కదా!

మాకు గంటన్నర దూరంలో, విస్కాన్సిన్‌లో బెలాయిట్ అనే ఊరుంది. 1858లో ఇనుప పోత పనితో మొదలై ప్రపంచమంతా కాగితం యంత్రాలు పంపిన బెలాయిట్ కార్పొరేషన్ అక్కడిదే. ఇండోనేషియా ఒప్పందాల్లో భారీ నష్టాలొచ్చి, మాతృసంస్థ హార్నిష్‌ఫెగర్ 1999లో దివాలా పిటిషన్ వేసింది. మరుసటి ఏడాదికల్లా ఊరికి అన్నం పెట్టిన ఆ గేటు మూతపడింది. అయితే ఆ యంత్రాల సాంకేతికతనూ సర్వీసు పనినీ ఫిన్లాండ్‌కు చెందిన మెట్సో కొనుక్కుంది.

అసలు కిటుకు అక్కడే ఉంది. కొత్త యంత్రం కోట్ల డాలర్ల ఖరీదు, ఆర్డరు ఎప్పుడో గాని రాదు. ఉన్న యంత్రం మాత్రం దశాబ్దాలు నడుస్తుంది. దానికి రోలర్లు మార్చాలి, డ్రైవులు, సెన్సర్లు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కొత్తవి పెట్టాలి. న్యూస్‌ప్రింట్ తగ్గినా అట్టపెట్టెలు, టిష్యూ వాడకం పెరిగింది. పాత న్యూస్‌ప్రింట్ యంత్రాలను అట్టకు మార్చడమే పెద్ద పని.

మన కాగజ్‌నగర్‌నే చూడండి. 2014లో ఆగిన సిర్పూర్ పేపర్ మిల్లును 2018లో జేకే పేపర్ తీసుకుని మళ్ళీ నడిపించింది. మిల్లు లేచిందంటే యంత్రం తెలిసినవాళ్ళకు పని దొరికినట్టే.

కాబట్టి అమ్మాయిని ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు అడగమన్నాను: మీ ఆదాయంలో సర్వీసు, రీబిల్డ్ వాటా ఎంత? నేను నేర్చుకునే కంట్రోల్స్ వేరే పరిశ్రమలో పనికొస్తాయా? రెండో జవాబు "అవును" అయితే, ఒక గేటు మూసినా ఇంకో గేటు ఉంటుంది.

ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీ కొలువులో ఉంటే ఇదీ గుర్తుంచుకోండి. సాధారణంగా 100 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ ప్లాంటు మూసేస్తే 60 రోజుల ముందు నోటీసివ్వాలని ఫెడరల్ చట్టం. హెచ్-1బి వాళ్ళకు ఉద్యోగం పోయాక ఉండే గడువు కూడా గరిష్ఠంగా 60 రోజులే, ఐ-94 ముందే ముగిస్తే అంతవరకే. ఈ రెండూ ఒకటి కావు. నోటీసు కాలంలో జీతం నడుస్తుంటే, ఆ తర్వాతే రెండో లెక్క మొదలవుతుంది. నోటీసు చేతికొచ్చిన రోజే లాయరుకు ఫోన్ చేయండి.