ఉప్పుకాగితం మనది, మిషన్ వాళ్ళది

"ఒకసారి సార్‌కి ఫోనివ్వండి మేడమ్, మిషన్ గురించి వివరంగా చెప్తాను."

అవతలి గొంతు ఎంతో మర్యాదగా అడిగింది. ఇవ్వడానికి మా ఇంట్లో ఏ సారూ లేడు. ఉన్నా ఇచ్చేదాన్ని కాదు. మిషన్ కొంటున్నది నేను. డబ్బు నా జీతం లోంచి. కొండాపూర్‌లో మా ఫ్లాటు వెనక బాల్కనీలో వాషింగ్ మిషన్ పక్కనే ఒక బల్ల వేసుకుని మూడేళ్ళుగా చెక్కపని చేస్తున్నదీ నేనే. కొనబోయేది కొత్తది కూడా కాదు. ఎవరో వాడి వదిలేసిన సాండింగ్ మిషన్. చెక్కని నునుపు చేసే, అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం.

అంతవరకూ ఆ పని చేత్తోనే చేశాను. ముందు 80 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 120, తర్వాత 180, చివరికి 220. ఒక పుస్తకాల అర నునుపు తేలేసరికి రెండు ఆదివారాలు అయిపోయేవి. పరీక్షల పేపర్లు దిద్దే చెయ్యీ అదే, అంట్లు తోమే చెయ్యీ అదే. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలై, పెన్ను పట్టుకోవడమే కష్టమైంది. డాక్టరు "ఆ రుద్దుడు మానెయ్యండి" అన్నారు. చెక్కపని మానడం నాకిష్టం లేదు. అందుకే మిషన్ వెతుక్కున్నాను.

నల్లగండ్లలో పెద్ద గేటు, నాలుగు చోట్ల సంతకాలు, పదమూడో అంతస్తు. అమ్ముతున్నతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2020 లాక్‌డౌన్లో సరదాగా మొదలుపెట్టి బోలెడు సామాను కొన్నాడట. ఇప్పుడు ఊరు మారుతున్నారు. మోటారు గురించి, స్పీడు గురించి పాఠం చెప్పి చివర్లో, "మీకు కొంచెం బరువనిపిస్తుంది మేడమ్, అదురుడు ఎక్కువ, జాగ్రత్త" అన్నాడు. మిషన్ బరువు కిలోన్నర. అప్పుడే కాఫీ పట్టుకొచ్చిన అతని భార్య చంకలో పిల్లవాడు పన్నెండు కిలోలైనా ఉంటాడు. ఆ బరువు గురించి ఎవరూ ఎవరినీ హెచ్చరించలేదు.

నేను మిషన్ ఆన్ చేసి చూస్తుంటే ఆమే మెల్లగా అంది: "ఎడమ పక్కకి ఒత్తితే గరగరమంటుందండీ, లోపల బేరింగు పోయినట్టుంది. ప్యాడు కూడా ఒక వైపు అరిగింది. కాగితం అంటుకోక ఎగిరిపోతోంది." అతను ఆశ్చర్యంగా చూశాడు. "నీకెలా తెలుసు?" అన్నాడు. "నునుపు చేసిందంతా నేనే కదా" అందామె. అతను నవ్వేసి, "అవును, ఫినిషింగ్ డిపార్ట్‌మెంట్ తనది" అన్నాడు.

ఆ మిషన్‌ని కొన్నది అతను. దాని గురించి మాట్లాడేది అతను. అమ్ముతున్నదీ అతనే. గంటలకొద్దీ చేత్తో పట్టుకుని దుమ్ము పీల్చింది ఆమె. జబ్బు ఎక్కడుందో తెలిసింది కూడా ఆమెకే. నాకు దొరికిన నిజమైన సమాచారమంతా ఆమె ఇచ్చిందే. 2,500 చెప్పిన మిషన్‌ని 1,700కి తెచ్చుకున్నాను. తగ్గిన ఆ ఎనిమిది వందలూ ఆమె పరిజ్ఞానం ధర. అది కూడా ఆమెకి రాలేదు, నాకే మిగిలింది.

యంత్రాలు ఆడవాళ్ళకి కొత్తనీ, భయమనీ, చేతకావనీ చెప్పేవాళ్ళకి ఒక లెక్క చెప్పాలి. నేను కొన్నలాంటి సాండర్ మోటారు రెండొందల నుంచి మూడొందల వాట్లు ఉంటుంది. మన వంటింట్లో మిక్సీ మోటారు అయిదొందల నుంచి ఏడొందల యాభై. నిమిషానికి పద్దెనిమిది, ఇరవై వేలసార్లు తిరిగే బ్లేడు మీద మూత పెట్టి, ఆ మూతని ఒక చేత్తో నొక్కిపట్టుకుని, రెండో చేత్తో పాలు పొంగకుండా చూసుకునే ఆడవాళ్ళు ఈ నగరంలో ఎన్ని లక్షల మంది! ఆ యంత్రం ప్రమాదకరమని ఎవరూ అనరు. "సార్‌కివ్వండి, సార్ రుబ్బుతారు" అని ఏ దుకాణదారూ చెప్పడు. అంటే గొడవ మోటారుది కాదు, బరువుది కాదు, బ్లేడుది కాదు. యంత్రం ఎవరి పేరన ఉంది, దాంతో చేసే పనికి కూలి ఉందా లేదా, అసలు గొడవ అదీ.

వృత్తి పనులన్నింటిలోనూ ఇదే కథ. చేనేత కుటుంబాల్లో నూలు తోడి, కండెలు చుట్టేది ఆడవాళ్ళు. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. కొలిమి దగ్గర తిత్తి ఊదేదీ, ఎర్రగా కాలిన ఇనుము మీద సమ్మెట పోటు వేసేదీ చాలాచోట్ల కమ్మరి భార్యే. సమ్మెట ఎత్తగలిగిన ఆ మనిషికి మాత్రం కమ్మరి అన్న పేరు రాదు. కొండపల్లిలో పొణికి కర్రతో చేసిన బొమ్మల్ని చింతగింజల మక్కుతో అతికి, సాపు చేసి, రంగులు వేసేదాకా ఎన్ని ఆడచేతులు పనిచేస్తాయి? మా ఊళ్ళో వడ్లాయన బర్మాతో బెజ్జం వేస్తుంటే తాడు లాగింది ఆయన భార్య. మంచప్పట్టెలకి ఉప్పుకాగితం పట్టింది ఆయన కూతుళ్ళు. ఉలీ, బాడిసా, చిత్రికా మాత్రం ఆయన సంచీలో ఉండేవి. ఆయన పోయాక ఆ సంచీ కొడుక్కి వెళ్ళింది. ఆ కొడుకు పట్నంలో కారు నడుపుతున్నాడు. పని వచ్చిన కూతుళ్ళకి సంచీ రాలేదు.

భూమిలో వాటా గురించి మాట్లాడాం, కొంత సాధించాం కూడా. పనిముట్లలో వాటా గురించి మనం ఎప్పుడైనా మాట్లాడామా?

చట్టం కూడా తక్కువేమీ తినలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, గాయపడే ప్రమాదం ఉన్న చోట నడుస్తున్న యంత్రాన్ని శుభ్రం చేయడం, నూనె వేయడం, సరిచేయడం లాంటి పనుల్లో స్త్రీలనీ పిన్నవయసు వాళ్ళనీ పెట్టకూడదంది. వయసొచ్చిన ఆడదాన్నీ, మీసాలు రాని కుర్రాణ్ణీ ఒకే గాటన కట్టింది. ప్రమాదమైతే మగవాడికి మాత్రం కాదా? యంత్రానికి అడ్డు కట్టాల్సింది పోయి ఆడవాళ్ళకి అడ్డు కట్టారు. నూనె వేయడం, విప్పడం, బిగించడం రాని మనిషి ఎప్పటికీ ఆపరేటర్ కాలేదు, హెల్పర్‌గానే ఉండిపోతుంది. రక్షణ పేరుతో జరిగింది అదే.

రక్షణ అంటే గుర్తొచ్చింది. మా పక్క ఫ్లాటులో ఆ మధ్య ఇంటీరియర్ పని జరిగింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈ మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ దారుల్లో కట్టుబడి ఆగిన రోజు లేదు. ప్రతి ఫ్లాటు లోపలా నెలల తరబడి కోత, రాపిడి, దుమ్ము. ఒక గదిలో ఇద్దరు మగవాళ్ళు మిషన్లతో చెక్క నునుపు చేస్తున్నారు. పక్క గదిలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకామె ముక్కుకి కొంగు చుట్టుకుని, గోడకి పెట్టిన లప్పాన్ని ఉప్పుకాగితంతో రుద్దుతోంది. కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. "మిషన్ ఉంది కదమ్మా, నువ్వూ దాంతో చెయ్యొచ్చు కదా" అన్నాను. నా ప్రశ్నలోని అమాయకత్వానికి ఆమె నవ్వింది.

"మాకియ్యరమ్మా. మిషన్ వడితె మేస్త్రి కూలియ్యాలె గద."

1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి ఒకే కూలి అని అది చెప్పింది. మరి ఏం చేశారు? పనిని రెండు ముక్కలు చేశారు. మోటారు ఉన్న ముక్కకి నైపుణ్యం అని పేరు పెట్టారు, మోటారు లేని ముక్కకి హెల్పర్ పని అన్నారు. చేసేది ఒకటే, రుద్దడం. మిషన్‌తో రుద్దితే పనివాడు, చేత్తో రుద్దితే కూలిమనిషి. ఎన్నో వ్యాసాలు చదివి, ఎన్నో సెమినార్లలో మాట్లాడి నేను తెలుసుకున్న శ్రమ విభజనని ఆమె రెండు వాక్యాల్లో చెప్పేసింది.

దుమ్ము మాత్రం తేడా చూపించదు. చెక్కపొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే నిర్ధారించింది. కాస్త మంచి సాండర్‌కి దుమ్ము పట్టే సంచీ ఉంటుంది, వాక్యూమ్ గొట్టం తగిలించుకోవచ్చు. ఉప్పుకాగితానికి అలాంటిదేమీ ఉండదు. యంత్రం దగ్గరికి రానివ్వకపోవడమే రక్షణ అని నమ్మినవాళ్ళు, యంత్రం లేని ఆ చేతికి కనీసం ఒక మాస్కు ఇచ్చిన పాపాన పోలేదు.

ఇక్కడ మన స్నేహితురాళ్ళ అభ్యంతరాలకి జవాబు చెప్పాలి. "ఇది జీతమొచ్చే ఆడవాళ్ళ హాబీ, దీనికి స్త్రీవాదం దేనికి?" అని ఒకామె అడిగింది. నిజమే, నాది హాబీయే. నా బల్ల మీద నాకు ఆకలి లేదు. ఆ తేడాని దాచుకుంటే నేను రాసేదంతా అబద్ధం అవుతుంది. కానీ ఆ 'సార్' అన్న మాట నాకూ అడ్డొచ్చింది, లప్పం రుద్దే ఆమెకీ అడ్డొచ్చింది. నాకు ఆదివారం పోయింది, ఆమెకి జీవితకాలం కూలి పోయింది. నాకు తగిలిన చిన్న దెబ్బ నుంచి ఆమెకి తగిలిన పెద్ద దెబ్బ దాకా నడవకపోతే అప్పుడది నిజంగానే హాబీ.

రెండో అభ్యంతరం మా పిన్ని నుంచి వచ్చింది. "చదువుకున్నదానివి, నీకా వడ్రంగం పనేమిటే?" అంది. ఆ మాటలో ఆడదానివి అనే దానికన్నా కులమే ఎక్కువ వినపడింది. చేతికి కాయలు కాసే పని చేసేవాళ్ళు వేరే ఉన్నారని అందులో అర్థం. మనం చాలామందిమి ఆ గర్వాన్ని వదిలించుకున్నామనే అనుకుంటాం. నిజంగా వదిలించుకున్నామా? ఇంట్లో కుర్చీ కాలు ఊగితే చేతివృత్తులవాళ్ళ నంబరు వెతుకుతాం, పని అయ్యాక బేరం ఆడతాం, సాయంత్రం శిల్పారామం వెళ్ళి చేతిపనుల అందాన్ని మెచ్చుకుని వస్తాం.

మన రాతల సంగతీ చూడండి. స్త్రీల జీవితాన్ని చక్కగా 'చిత్రిక పట్టారు' అని సమీక్ష రాస్తాం. పాత్రని బాగా 'మలిచారు' అంటాం, వాక్యాలు 'చెక్కారు' అంటాం. బుద్ధికి 'సాన పెట్టాలి' అంటాం. వడ్రంగి నుంచీ శిల్పి నుంచీ మాటలన్నీ తెచ్చుకున్నాం. చిత్రిక ఎంత బరువుంటుందో, దాని నోట్లోంచి చెక్కపొట్టు ఎలా చుట్టలు చుట్టుకుని వస్తుందో మనలో ఎంతమందికి తెలుసు? విమల 'వంటిల్లు' కవితా, సత్యవతి 'ఇల్లలకగానే' కథా ఇంటి చాకిరీ మీద మన కళ్ళు తెరిపించాయి. అక్కడి నుంచి బయల్దేరిన నాయికకి మనం కలం ఇచ్చాం, ఉద్యోగం ఇచ్చాం, ఒంటరిగా బతికే ధైర్యం ఇచ్చాం. స్క్రూడ్రైవర్ ఇవ్వడం మర్చిపోయాం.

ప్రభుత్వాలు మర్చిపోలేదు, కుట్టు మిషన్ ఇచ్చాయి. ఎన్ని ప్రభుత్వాలు మారినా సాధికారత అంటే కుట్టు మిషనే, అప్పడాలే, పచ్చళ్ళే. అందులోనూ బజారులో బోర్డు కట్టుకున్న టైలర్ మాస్టర్ మగవాడు, ఇంట్లో కాజాలు కుట్టి, గుండీలు వేసేది ఆడవాళ్ళు. ఇచ్చిన యంత్రం కూడా చివరికి ఉప్పుకాగితంలాగే అయిపోయింది.

అందుకని ఈసారి అడిగేది వేరుగా అడుగుదాం. మహిళా సంఘాల అప్పుల జాబితాలో డ్రిల్లు, సాండర్, రంపం మిషన్ ఉండాలి. ఐటీఐల్లో వడ్రంగం, ఫిట్టర్ తరగతుల్లో ఆడపిల్లలు ఎందుకు లేరని లెక్క అడగాలి. కట్టుబడి దగ్గర హెల్పర్ అని రాసిన ప్రతి ఆడమనిషీ నిజానికి ఏ పని చేస్తోందో చూసి, ఆ పని పేరుతో కూలి కట్టాలి. మాస్కు కూలిలో కోత కాకూడదు. చేతివృత్తుల మీద పరిశోధన చేయించే మన విశ్వవిద్యాలయాల అమ్మలు, మగ్గం మీద కూర్చున్నవాడితో పాటు కండె చుట్టినామె పేరు కూడా రాయించాలి.

నా మిషన్ సంగతి చెప్పి ముగిస్తాను. రాణిగంజ్ తీసుకెళ్ళి బేరింగూ ప్యాడూ మార్పించాను. విప్పేటప్పుడు పక్కనే నిలబడి చూశాను, ఈసారి నేనే విప్పుకోగలను. ఇప్పుడు గరగర లేదు. పక్క ఫ్లాటులో పని అయిపోయింది, గోడలు అద్దాల్లా ఉన్నాయి. వాటిని అలా చేసినామె మరో టవర్‌లో మరో గోడ రుద్దుతూ ఉంటుంది. మేస్త్రి కూలీకీ ఆమె కూలీకీ మధ్య ఉన్న తేడా కొన్ని నెలలు కూడితే కొత్త సాండరే వస్తుంది.