ఎయిర్ పిస్టల్‌కి అప్‌గ్రేడ్ కావాలా? ముందు మీ చెయ్యి చూసుకోండి

పోయిన నెల జడ్చర్ల నుంచి మా చిన్నమ్మ కొడుకు వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. షాపింగ్ యాప్ కార్ట్ అది. లేజర్ సైట్, గట్టి స్ప్రింగ్, ముందు తగిలించే సైలెన్సర్ లాంటి గొట్టం, రబ్బర్ గ్రిప్, నల్ల స్కిన్. కింద ఒకటే లైన్: "అన్నా, నువ్వు షూటింగ్ ఆడుతవ్ గదా, ఇండ్ల ఏది బెస్ట్ అప్‌గ్రేడ్?" వాడి దగ్గర ఉన్నది ఐదు వేల లోపు స్ప్రింగ్ ఎయిర్ పిస్టల్. కార్ట్ బిల్లు పిస్టల్ ధరను దాటేసింది.

"ఏదీ వద్దు" అన్నాను. వాడికి కోపం వచ్చింది. "ఫోన్‌ల గురించి అడిగితే ప్రాసెసర్, కెమెరా, ర్యామ్ అని గంటసేపు చెప్తవ్, దీనికి మాత్రం ఒక్క ముక్కల తేల్చేస్తవా" అన్నాడు. నిజమే. అందుకే ఇక్కడ పొడుగ్గా రాస్తున్నా.

నాది దేవరకొండ దగ్గర ఊరు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కోడింగ్ ఉద్యోగం. మూడేళ్లుగా వీకెండ్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తున్నా. పెద్ద షూటర్‌నేం కాదు, కానీ పార్ట్స్ మీద డబ్బు తగలేసిన అనుభవం మాత్రం గట్టిగానే ఉంది.

మొదట స్ప్రింగ్ సంగతి, ఎందుకంటే ఇది సరదా విషయం కాదు. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం ఎయిర్ గన్ క్యాలిబర్ 4.5 మిల్లీమీటర్లు దాటినా, మజిల్ ఎనర్జీ 20 జౌల్స్ దాటినా లైసెన్స్ కావాలి. అంటే పవర్ పెంచుకుంటూ పోతే ఒక గీత ఉంది, దాటితే మీ బొమ్మ ఆయుధం అయిపోతుంది. సరే, అసలు ఆటకి ఎంత పవర్ కావాలి? మ్యాచ్ పిస్టల్‌లో పెల్లెట్ బరువు దాదాపు అర గ్రాము, వేగం సెకనుకు సుమారు 150 మీటర్లు. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందిగా, ఆఫ్ ఎంవీ స్క్వేర్: 5.6 జౌల్స్. ఒలింపిక్ మెడల్‌కి ఇదే చాలుతోంది. (కన్ను పోవడానికి కూడా ఇది చాలు, అది మర్చిపోవద్దు.) ఇక యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు అసలు పిస్టల్స్‌కి బ్యారెల్, స్లైడ్ మార్చే వీడియోలు చూసి ఉత్సాహపడేవాళ్లకి ఒక మాట. మన ఆర్మ్స్ యాక్ట్, 1959లో ఆయుధం అన్న మాటకి ఇచ్చిన అర్థంలోనే దాని విడిభాగాలు కూడా ఉన్నాయి. అది ఫోన్ కవర్ ఆర్డర్ చేసినట్టు కాదు.

గొట్టం, నల్ల స్కిన్ సంగతి ఇంకా సింపుల్. అవి రీల్ కోసం. ఆ రీల్ చూసినవాళ్లకో, రోడ్డు మీద మిమ్మల్ని దూరం నుంచి చూసిన పోలీసులకో అది పెల్లెట్ పిస్టల్ అని ఎట్లా తెలుస్తుంది?

లేజర్‌కి నేను కూడా టెంప్ట్ అయ్యాను, ఒప్పుకుంటా. మ్యాచ్‌లో ఎట్లాగూ పనికిరాదు, ఓపెన్ సైట్స్ మాత్రమే ఒప్పుకుంటారు. ప్రాక్టీస్‌కైనా నష్టమే. గోడ మీద ఎర్ర చుక్క వణుకుతుంటే చూపు దాని వెంటే పోతుంది. చూడాల్సింది చుక్కని కాదు, ముందు సైట్‌ని. నా పిస్టల్‌లో ముందు, వెనక సైట్ల మధ్య దూరం దాదాపు 33 సెంటీమీటర్లు. ముందు సైట్ ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ 30 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. టెన్ రింగ్ వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. అంటే పది రావాల్సిన చోట ఏడు.

మరి ఆ ఒక్క మిల్లీమీటర్ ఎందుకు జరుగుతుంది? నా కేసులో జవాబు గ్రిప్. నా పిస్టల్ ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మీడియం సైజ్ చెక్క గ్రిప్, నాది చిన్న చెయ్యి. టెస్ట్ మీరూ చేయొచ్చు: ఖాళీ పిస్టల్‌ని టార్గెట్ వైపు పట్టుకుని కళ్లు మూసుకోండి, చెయ్యి దించి మళ్లీ ఎత్తండి, కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక గాడి మధ్యలో ఉందా? నాకు ప్రతిసారీ ఎడమకి ఉండేది. మణికట్టు తిప్పి సరిచేసుకునేవాణ్ని. 60 షాట్లు, 75 నిమిషాలు ఆ తిప్పుడు ఎవరి వల్ల అవుతుంది?

ఇంజనీర్‌ని కదా, 3డీ ప్రింట్ చేద్దాం అనుకున్నా. బంకమట్టిలో చెయ్యి అచ్చు తీసి, ఫోన్‌తో స్కాన్ చేసి డిజైన్ గీశా. అరచేతి కింది పట్టీని పైకి వంచి, చేతిని పట్టేసేలా చేశా. భలే హాయిగా ఉంది. రేంజ్‌లో సీనియర్ చూసి నవ్వాడు. ఆ పట్టీ పైకి వంగకూడదని ఇంటర్నేషనల్ షూటింగ్ ఫెడరేషన్ రూల్. మళ్లీ గీసి పీఎల్ఏలో ప్రింట్ తీస్తే, మే నెలలో నల్లగొండలో ఎండకి పార్క్ చేసిన కార్‌లో వదిలేశా. 60 డిగ్రీల దగ్గర పీఎల్ఏ మెత్తబడుతుంది. మన కార్లు ఆ ఎండలో అక్కడిదాకా పోతాయని ఆ రోజు తెలిసింది, పట్టీ అప్పడంలా వంగిపోయింది. పీఈటీజీలో తీసిన మూడోది ఎండకి ఆగింది కానీ చెమటకి జారింది.

చివరికి పాత చెక్క గ్రిప్‌నే విప్పి మా ఊరి వడ్ల కాక దగ్గరికి తీసుకెళ్లా. ఆయన అటూఇటూ తిప్పి చూసి, "ఇది కోతులకా బిడ్డా?" అన్నాడు. మా వైపు చేన్ల మీద పడే కోతుల బాధ మీకు తెలిసిందే.

"కాదు కాకా, కాయితానికి."

"కాయితం కొట్టనీకి ఇన్ని పైసలా!"

తర్వాత మాత్రం మాట్లాడకుండా పని చేశాడు. నా చేతికి సుద్ద పూసి గ్రిప్ పట్టుకోమన్నాడు. ఎక్కడ తెల్లగా అంటిందో అక్కడ ఆకురాయితో కొంచెం గీశాడు. మళ్లీ సుద్ద, మళ్లీ గీకుడు. ఇట్లా ఓ పదిసార్లు. బొటనవేలి కింద ఖాళీ ఉన్నచోట ఎం-సీల్ పెట్టి నింపి, ఆరాక సాండ్ పేపర్ కొట్టాడు. మా బాపు పక్కన కూర్చుని చాయ్ తాగుతూ చూశాడు. చూడ్డానికి దరిద్రంగా ఉంది, ఫోటో పెట్టను. కళ్లు మూసి ఎత్తితే సైట్ మధ్యలో ఉంది. 531 దగ్గర ఆగిపోయిన స్కోర్ రెండు నెలల్లో 544కి వచ్చింది. అంతా గ్రిప్ వల్లే అనను, ఆ రెండు నెలలు రోజూ రాత్రి పెల్లెట్ లేకుండా గోడకి ఎదురుగా నిలబడి ట్రిగర్ నొక్కుడు కూడా ఉంది.

ట్రిగర్ గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే తప్పు నాదే. తేలికైతే బెటర్ అనుకుని స్క్రూ తిప్పేశా. కనీసం 500 గ్రాముల బరువు ఎత్తాలి, మ్యాచ్‌కి ముందు తూకం వేసి చూస్తారు. నాది ఎత్తలేదు. వరండాలో కూర్చుని వణికే చేతులతో సరిచేసుకుని లైన్‌లోకి వెళ్తే ఆ రోజు ఆట ఎట్లా సాగి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఎలక్ట్రానిక్ ట్రిగర్ బాగుంటుందని అడిగేవాళ్లకి: బాగానే ఉంటుంది, కానీ ఇంకో పార్ట్ అంటే చెడిపోయేది ఇంకోటి. 2021లో టోక్యో క్వాలిఫికేషన్ మధ్యలో మనూ భాకర్ పిస్టల్ మొరాయించింది. టైమ్ పోయింది, 575తో ఫైనల్ మిస్ అయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చుకుంది, అది వేరే సంగతి.

"మరి ఆ టర్కీ తాతకి ఏ గేర్ లేదు కదా" అని మావాడు చివరి బాణం వేశాడు. 2024 పారిస్‌లో జేబులో చెయ్యి పెట్టుకుని రజతం కొట్టిన యూసుఫ్ డికెచ్ మీమ్ అది. అదే మిక్స్‌డ్ ఈవెంట్‌లో కాంస్యం మన మనూ, సరబ్‌జోత్‌లది. డికెచ్ స్పెషల్ కళ్లద్దాలు పెట్టుకోలేదంతే. చేతిలో ఉన్నది పక్కా మ్యాచ్ పిస్టల్, గ్రిప్ చేతికి అతుక్కున్నట్టే ఉంది. ఫోటో జూమ్ చేసి చూడమన్నా.

నిన్న మళ్లీ స్క్రీన్‌షాట్ పంపాడు. కార్ట్‌లో ఒక పెల్లెట్ డబ్బా, పేపర్ టార్గెట్లు, ఒక సాండ్ పేపర్ ప్యాకెట్. లేజర్ మాత్రం డిలీట్ చేయలేదు, 'సేవ్ ఫర్ లేటర్'లో పెట్టాడు.