స్కాన్ చేస్తే భద్రపరిచినట్టేనా?

పాత పుస్తకాన్ని స్కాన్ చేసి నెట్‌లో పెడితే దాన్ని కాపాడినట్టే, ఇక కాగితంతో పనిలేదన్న అభిప్రాయం బాగా చెల్లుబాటవుతోంది. ఇది తప్పు. స్కాన్ అనేది చదువుకోవడానికి పనికొచ్చే నకలు. భద్రపరచవలసింది అసలు ప్రతిని.

హైదరాబాద్ పంజగుట్టలోని ఐవాన్-ఎ-ఉర్దూ ఇందుకు మంచి ఉదాహరణ. డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో నెలకొల్పిన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ అనే సాహిత్య సంస్థకు అదే నిలయం. అక్కడ చేరిన రాతప్రతులకు ఆయన వివరమైన సూచీలు తయారుచేశారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితలను పరిష్కరించి 1940లో వెలువరించారు. అలాంటి పరిష్కర్తకు అక్షరాలొక్కటే చాలవు. కాగితం చేత్తో చేసిందా, మిల్లుదా? అంచున సవరణ రాసిన సిరా, లోపలి సిరా ఒకటేనా? చెరిపేసిన పాత యజమాని ముద్ర వెలుతురుకు పట్టి చూస్తే ఆనుతుందా? ప్రతి ఏ కాలానిదో, ఎవరెవరి చేతుల్లో నలిగిందో చెప్పేవి ఇవే. మామూలు స్కాన్‌లో ఇవి చాలావరకు దొరకవు. కుట్టులోకి పోయిన అక్షరాల సంగతి సరేసరి.

కాగితం నశిస్తుంది, డిజిటల్ శాశ్వతం అన్నది మరో వాదన. మొదటి మాటలో కొంత నిజముంది. కట్టెగుజ్జు కాగితం ఆమ్లం వల్ల పసుపెక్కి పెళుసుబారుతుంది. అయితే చేతికాగితం అంత తొందరగా పాడవదు. నిన్నమొన్నటి పత్రిక పొడిపొడి అవుతుంటే అంతకు ఎన్నో తరాల ముందరి రాతప్రతి చెక్కుచెదరకుండా ఉండడం కద్దు. రెండో మాటకు జవాబు పక్కనే అమీర్‌పేటలో ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థల బోర్డుల మీద కోర్సుల పేర్లు కొన్నేళ్లకే మారిపోతాయి. అంతటి కంప్యూటర్ల పేటలోనూ పాత ఫ్లాపీని చదివే యంత్రం కోసం వెతుక్కోవాల్సిందే. ఫైలు బతకాలంటే దాన్ని ఎప్పటికప్పుడు కొత్త డిస్కుల్లోకి, కొత్త రూపాల్లోకి ఎక్కిస్తూ ఉండాలి. తేమా పురుగూ చేరని బీరువాలో రాతప్రతి ఒక తరం నిర్లక్ష్యాన్నయినా తట్టుకుంటుంది, ఫైలు తట్టుకోదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం కళ్లెదుటే ఉంది. తెలుగువాడైన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి చొరవతో మొదలైన ఆ ప్రయత్నం లక్షల పుస్తకాలను అందుబాటులోకి తెచ్చింది, ఆ మేలు కాదనలేనిది. కానీ తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో తప్పులతడకగా ఎక్కాయి, కొన్నింటిలో పుటలే ఎగిరిపోయాయి. చివరికి కాపీరైటు చిక్కులతో ఆ సైటే మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన నకళ్లే ఇప్పుడు దిక్కు. ఎగిరిపోయిన పుట మళ్లీ కావాలంటే అసలు పుస్తకం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

ఇక డబ్బు సంగతి. అమీర్‌పేటలో ఆస్తిపన్ను కట్టేవారు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. అది పౌర గ్రంథాలయాల కోసం వసూలు చేసేది. స్వచ్ఛంద సంస్థల దగ్గరున్న రాతప్రతులకు అలాంటి స్థిరమైన రాబడి ఉండదు. స్కానింగుకు ఒక్కసారి ఇచ్చే గ్రాంటు ఆ లోటు తీర్చదు. వాటికి కావలసింది ఏటా జీతమిచ్చి పెట్టుకునే సంరక్షకుడు, ఆమ్లం లేని అట్టపెట్టెలు, వానకు కురవని కప్పు.